మడుగు ఒడ్డున బండి చక్రం

నీళ్ళలోకి దూకినప్పుడు ముందు చప్పుడు వినపడుతుంది, ఆ తర్వాత చల్లదనం తెలుస్తుంది. ఆ రోజు నాకు చల్లదనం తెలియలేదు. నడినెత్తి మీద రోకలితో మోదినట్టు ఒక్క దెబ్బ పడింది. మెడ వెనక ఏదో పుటుక్కుమంది. చేతులు ఆడిద్దామనుకున్నాను, అవి నా మాట వినలేదు. కాళ్ళు మాత్రం కొట్టుకున్నాయి. ఆ కాళ్ళే నన్ను పైకి తెచ్చాయి. ఈ ముక్క కాస్త గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి రావాలి.

నా పేరు కోటేశ్వరరావు. మాది చిలకలూరిపేటకీ అద్దంకికీ మధ్య ఒక నల్లరేగడి పల్లె. పత్తి, మిరప వేస్తాం. అప్పటికి నాకు ముప్పై నిండలేదు. భార్య అనసూయ, అప్పుడప్పుడే నడక నేర్చిన కూతురు, పక్క వాకిట్లో మా అన్నయ్య రాఘవయ్య. మా నాన్న నా చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది అన్నయ్యే. నా జబ్బు సంగతి రాయాలంటే మా అన్నయ్య సంగతి రాయకుండా కుదరదు. అందుకే ఇన్నేళ్ళూ రాయలేదు.

ఈతంటే నాకు పిచ్చి. మా ఊరి వాగు మలుపు తిరిగే చోట ఒక మడుగుంది. దాని పక్కన ఏనుగు వంగి నీళ్ళు తాగుతున్నట్టు ఒక బండ. మేం ఏనుగుబండ అంటాం. నాకు ఈత నేర్పింది అన్నయ్యే. నడుముకి బెండ్లు కట్టి నాలుగు రోజులు నీళ్ళలో తిప్పాడు. ఐదో రోజు బెండ్లు కట్టినట్టే కట్టి, ముడి వేయకుండా తోసేశాడు. నేను మునిగి, నీళ్ళు మింగి, లేచి, అన్నయ్యని అమ్మనాబూతులు తిడుతూ అవతలి ఒడ్డుకి చేరాను. చేరాక తెలిసింది ఈదుకుంటూ వచ్చానని. అన్నయ్య ఒడ్డు మీద పడి పడి నవ్వాడు. ఆ రోజు నుంచి నన్ను నీళ్ళలోంచి బయటికి లాగడం ఎవరి వల్లా కాలేదు. రోజంతా ఎండలో ఒళ్ళు పేలిపోయాక మడుగులో వెల్లకిలా పడుకుని, చెవులు నీళ్ళలో ముంచి, ఆకాశం చూస్తుంటే ఉంటుంది చూశారూ, ఆ సుఖం ముందు ఏ సుఖమూ చాలదు. ఇంత జరిగాక కూడా నేను నీళ్ళని తిట్టను. తిట్టమన్నా నోరు రాదు.

దసరా వెళ్ళింది. పత్తికి తెల్లదోమ పట్టి, వారానికోసారి మందు కొడుతున్నాం. ఆ రోజు పొద్దున్నించీ నేనూ అన్నయ్యా మందు కొట్టాం. సాయంత్రం మా ఊళ్ళో అందరూ చేసే పనే నేనూ చేశాను. మందు కంపు వదిలించుకోవడానికి తిన్నగా వాగుకి పోయాను. అన్నయ్య బండి ఒడ్డున ఆపి ఎడ్లని కడుగుతున్నాడు.

ఆ ఏడు వానలు సరిగా లేక ఎగువ కుంట అడుగంటింది. మా ఊరివాళ్ళు గోగు ఎప్పుడూ ఆ కుంటలోనే నానేస్తారు. గోగు కట్టలు నీళ్ళలో వేసి, తేలకుండా పైన రాళ్ళు పెట్టి కుళ్ళబెడితే నార ఊడి వస్తుంది. ఎడ్ల పగ్గాలన్నీ ఆ నారతోనే పేనుతారు. కుంటలో నీళ్ళు లేవు గనక ఎవరో ఆ ఏడు మడుగులో నానేశారు, అదీ సరిగ్గా ఏనుగుబండ కింద. ఎవరని నేను అడగలేదు, వాళ్ళూ వచ్చి చెప్పలేదు. ఎవరైనా చేసే పనే, ఎవరిని తిట్టను?

తెలిసుండాల్సిందే కదా అంటారు. గోగు నానే నీళ్ళు అల్లంత దూరాన్నుంచే కంపు కొడతాయి. ఇంకే రోజైనా వాసన పట్టి ఆగిపోయేవాణ్ణి. కానీ ఆ రోజు నా ముక్కులో, మీసంలో, గొంతులో పత్తి మందు తప్ప ఇంకేం లేదు. నల్లమట్టి నీళ్ళు, అడుగు కనపడదు. చిన్నప్పటి నుంచి దూకుతున్న బండే కదా అని పంచె ఎగ్గట్టి తలకిందులుగా దూకాను. కట్టల మీది రాళ్ళకి తల తగిలింది.

కాళ్ళు కొట్టుకుని పైకైతే వచ్చాను గానీ బోర్లా తేలాను. ముఖం తిప్పుకోలేక నీళ్ళు మింగాను. అన్నయ్య ఎడ్ల తాళ్ళు వదిలేసి దూకాడు. చంకల కింద చేతులు వేసి ఒడ్డుకి ఈడ్చుకొచ్చాడు. ఈడుస్తుంటే ఎడమ మడమలో తుమ్మముల్లు కసుక్కున దిగింది. అబ్బా అనుకున్నాను. అనుకున్నానే గానీ అనలేకపోయాను, గొంతు నిండా నీళ్ళు. మెడ, మెడ అని చెప్పాలని చూశాను. నోరు పెగల్లేదు.

"నీళ్ళు తాగాడ్రోయ్! రండ్రా, చక్రం ఊడదీయండి!" అని అరిచాడు అన్నయ్య.

ఇది బయటివాళ్ళకి తెలియకపోవచ్చు. మా వైపు ఎవరన్నా నీళ్ళలో పడి నీళ్ళు తాగితే, దగ్గర్లో కుమ్మరి సారె ఉంటే దాని మీద, లేకపోతే బండి చక్రం మీద బోర్లా పడుకోబెట్టి గిరగిరా తిప్పుతారు. తాగిన నీళ్ళన్నీ కక్కేస్తాడని. మా తాతల నాటి నుంచీ అంతే. నేను కూడా ఒకప్పుడు ఒకణ్ణి అలా తిప్పిన గుంపులో ఉన్నాను. మడుగు ఒడ్డున ఎడ్లని కట్టేసే పొట్టి గుంజ ఒకటి ఉంది. బండి చక్రం శీల పీకి, చక్రాన్ని ఆ గుంజకి తొడిగారు. నన్ను నలుగురు నాలుగు రెక్కలు పట్టి ఎత్తి దాని మీద బోర్లా వేశారు. తల చక్రం అంచు దాటి కిందకి వేలాడింది. తిప్పారు.

రెండు చుట్లో మూడు చుట్లో గుర్తుంది. నేల, వాగు, ఎడ్లు, నేల, వాగు, ఎడ్లు. తల అటూ ఇటూ కొట్టుకుంది. మెడలోంచి కాళ్ళ దాకా నిప్పు పాకినట్టు ఒక్కసారి భగ్గుమంది. ఆ తర్వాత ఆరిపోయింది. నోట్లోంచి నీళ్ళు, ముక్కులోంచి నీళ్ళు. ఊపిరి వచ్చింది. దగ్గాను.

"బతికాడు! బతికాడు!" అని ఒకటే కేకలు. అన్నయ్య నన్ను ఒళ్ళోకి లాక్కుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. "ఒరేయ్ కోటీ, సచ్చిపోయావనుకున్నాన్రా" అని ముఖమంతా తడిమాడు. నేను నా కాళ్ళ కోసం చూశాను. ఎదురుగా ఇసుకలో రెండు కాళ్ళు పడున్నాయి. అవి నావేనని పంచె అంచు చూసి తెలుసుకున్నాను.

పత్తి లోడుతో గుంటూరు వెళ్ళే లారీలో కూర్చోబెట్టి తీసుకెళ్ళారు. దారి పొడవునా తల ఊగుతూనే ఉంది, అన్నయ్య భుజానికి ఆనించుకుని పట్టుకున్నాడు. పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. తెల్లారి పెద్ద డాక్టరుగారు ఆ ఫిల్మును కిటికీ వెలుతురుకి పెట్టి చూశారు.

"సి ఫైవ్, సి సిక్స్. ఫ్రాక్చర్ డిస్‌లొకేషన్. ఎముక జరిగి స్పైనల్ కార్డును నొక్కేసింది" అన్నారు.

"మందులతో తగ్గుద్దాండీ?" అని అడిగాడు అన్నయ్య.

"ముందు ట్రాక్షన్ పెడదాం. తర్వాత చూద్దాం" అన్నారాయన. ఆ 'చూద్దాం' అనే మాట నేను తర్వాత చాలాసార్లు విన్నాను. డాక్టర్లు చూద్దామన్నారంటే చూడ్డానికి పెద్దగా ఏం లేదని అర్థం.

ట్రాక్షన్ అంటే ఏదో కట్టు అనుకున్నాను. గుండు గీసి, తలకి రెండు పక్కలా బొరియలు చేసి, టాంగ్స్ అని ఇనుప కొక్కెం బిగించి, దానికి తాడు కట్టి మంచం వెనక బరువులు వేలాడదీశారు. కాలవకి గేటు బిగించినట్టు బిగించారు నన్ను. కదలడానికి లేదు. పైకప్పు తప్ప ఇంకేం కనపడదు. ఫ్యాను రెక్క మీద మసి ఎక్కడ ఎంత మందాన ఉందో ఇప్పటికీ చెప్పగలను.

మర్నాడో ఆ మర్నాడో వార్డు సిస్టర్ నా ఒళ్ళు తుడుస్తూ ఆగింది. "ఏమయ్యా, మడమలో ఇంత ముల్లు పెట్టుకుని చెప్పవేం? చీము పడుతోంది" అంది. సూది పెట్టి కెలికి తీసి, నా కళ్ళ ముందు పట్టుకుని చూపించింది. తుమ్మముల్లు. అంగుళం పైనే ఉంది. ఆవిడ ఎప్పుడు కెలికిందో ఎప్పుడు తీసిందో నాకు తెలియలేదు.

అప్పుడే పెద్ద డాక్టరుగారు రౌండ్స్‌కి వచ్చారు. అన్నయ్య మందులు తేవడానికి బయటికి వెళ్ళాడు. నా మంచం దగ్గర ఇంకెవరూ లేరు. నేను అడిగాను.

"డాక్టరుగారూ, ఒడ్డుకి లాగుతుంటే ఈ ముల్లు గుచ్చుకుంది. నాకు నొప్పి తెలిసిందండీ. ఇప్పుడు తీస్తే తెలియలేదు. ఏంటండీ ఇది?"

రాసుకుంటున్న ఆయన పెన్ను ఆపారు. "గుచ్చుకున్నప్పుడు తెలిసిందా? గట్టిగా గుర్తుందా?"

"తెలిసింది. అంతకుముందు నీళ్ళలో కాళ్ళు కూడా కొట్టుకున్నానండీ."

"ఒడ్డుకి తెచ్చాక ఏం చేశారు నిన్ను?"

చక్రం సంగతి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "కచ్చితంగా చెప్పలేనయ్యా. కానీ అప్పటికి కార్డు పూర్తిగా పోలేదు. చెక్క పలక మీద కదలకుండా తెచ్చుంటే..." అని ఆగి, "ఎవరు తిప్పింది?" అన్నారు.

"మా అన్నయ్య."

"బయట బల్ల మీద పడుకుంటున్నాడే, అతనేనా?"

"ఆయనేనండీ. మీకు దణ్ణం పెడతాను, ఈ మాట ఆయనకి మాత్రం చెప్పకండి" అన్నాను. దణ్ణం పెట్టడానికి చేతులు లేవలేదు. ఏడుపొచ్చింది. తుడుచుకోవడానికి కూడా చేతులు లేవలేదు. డాక్టరుగారు తన రుమాలుతో నా కళ్ళు తుడిచి వెళ్ళిపోయారు. ఆయన ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

నిజం రాస్తున్నాను గనక ఇది కూడా రాస్తాను. మనసులో మాత్రం అన్నయ్యని తిట్టుకోని రోజు లేదు. ఆయన చెంచాతో గంజి తాగిస్తుంటే, నువ్వే కదరా నన్నిలా చేసింది అనుకునేవాణ్ణి. అనుకుంటూనే ఆ గంజి తాగేవాణ్ణి. పాపం, మనిషి సగమైపోయాడు నా మంచం పక్కన.

చలికాలం వెళ్ళి ఎండలు మొదలయ్యాక టాంగ్స్ తీసి మెడకి కాలర్ వేశారు. మోచేతులు మడవగలను, మణికట్లు పైకి లేపగలను, వేళ్ళు ఆడవు. ఛాతీ కింద ఏమీ లేదు. "ఇంక ఇక్కడ చేసేదేం లేదు, ఇంట్లో చూసుకోండి. గంటా రెండు గంటలకోసారి పక్కకి తిప్పుతుండాలి, లేకపోతే బెడ్‌సోర్స్ వస్తాయి. యూరిన్‌కి కాథెటర్ గొట్టం ఉంటుంది, ఫీవర్ వస్తే వెంటనే తీసుకురండి" అని అనసూయకి చెప్పారు. అనసూయ అన్నింటికీ తలూపింది. ఆమె వయసు అప్పటికి ఇరవై మూడు.

ఇంటికొచ్చిన కొన్నాళ్ళకి ఒక పొద్దున మా అమ్మాయి నా మంచం ఎక్కి కాళ్ళ మీద కూర్చుంది. ఉన్నట్టుండి నా కుడికాలు ఎగిరి పడింది. పిల్ల కిందపడి ఏడ్చింది. అనసూయ చేతిలో చేట వదిలేసి, "బావగారూ! కాలు కదిలింది! రండి, కాలు కదిలింది!" అని వీధి వినపడేలా అరిచింది. అన్నయ్య పరుగెత్తుకొచ్చాడు. ఆయన ముట్టుకోగానే కాలు మళ్ళీ ఎగిరింది. ఇల్లంతా జనం. అన్నయ్య అప్పటికప్పుడు కొబ్బరికాయ కొట్టాడు. "ఆ చక్రం ప్రాణం నిలబెట్టింది, ఆ దేవుడు కాళ్ళు నిలబెడుతున్నాడు" అని వచ్చిన వాళ్ళందరికీ చెప్పాడు. నేను కూడా నమ్మాను. ఎందుకు నమ్మనూ? కాలు నాదే కదా, నా కళ్ళ ముందే కదిలింది కదా.

మళ్ళీ గుంటూరు. డాక్టరుగారు చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టి చూశారు. "ఇది స్పాజమ్. నీ మెదడు చెప్తే కదిలింది కాదు, దానంతటది ఎగురుతుంది. దీన్ని చూసి ఆశ పెట్టుకోవద్దు" అన్నారు. అనసూయకి అర్థం కాలేదు. "మరి కదులుతోంది కదండీ" అని రెండుసార్లు అడిగింది. తిరిగి బస్సులో ఇంటికి బయల్దేరాం. ఆ కాలు మాత్రం సిగ్గూ శరం లేకుండా దారి పొడుగునా ఎగురుతూనే ఉంది.

ఆ తర్వాత బాగుపడింది ఏమీ లేదు. నడుం దగ్గర పుండు పడి ఎముక కనపడింది. మానడానికి ఏడాది పట్టింది. యూరిన్ ఇన్ఫెక్షన్ అని చలిజ్వరం వచ్చేది, పళ్ళు టకటకలాడేవి, మంచమంతా ఊగేది. ప్రతిసారీ ఇదే ఆఖరు అనుకునేవాళ్ళం. చచ్చిపోదామని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. దానికి కూడా పక్కవాడి చెయ్యి కావాల్సిన బతుకైపోయింది. "చావనివ్వవే నన్ను" అని అరిస్తే, అనసూయ నా నోటికి అన్నం ముద్ద అడ్డం పెట్టేది. "నమలండి ముందు" అనేది.

నాకు మిగిలింది ఒక్కటే, అది అన్నయ్య ఇచ్చాడు. రెండో వేసవిలో ఒక సాయంత్రం నన్ను బండిలో గడ్డి మీద పడుకోబెట్టి వాగుకి తీసుకెళ్ళాడు. ఎత్తుకుని నడుంలోతు నీళ్ళలోకి దిగాడు. వీపు కింద ఒక చెయ్యి, తల కింద ఒక చెయ్యి పెట్టి వెల్లకిలా పడుకోబెట్టాడు. నేను తేలాను. నా కాళ్ళు వాటంతటవే పైకి వచ్చి, అందరి కాళ్ళలాగే నీళ్ళ మీద తేలాయి. మంచం మీద బస్తాలా పడుండే ఒళ్ళు ఆ కాసేపూ దూది అయిపోయింది. చెవులు నీళ్ళలో మునిగాయి. ఆకాశం అదే ఆకాశం. "బాగుందారా?" అని అడిగినట్టు అన్నయ్య పెదాలు కదిలాయి. బాగుందన్నాను. ఆ కాసేపు ఆయన మీద కోపం కూడా లేదు. అప్పటి నుంచి ఏటా ఎండాకాలం సాయంత్రాలు అదే నా బతుకు. మిగతా సంవత్సరమంతా ఎండాకాలం కోసం ఎదురుచూడ్డం.

ఇలాగే గడిచిపోయుంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

మొన్నటి వేసవిలో ఒక సాయంత్రం మేం మడుగు దగ్గరికి వెళ్ళేసరికి చీమకుర్తి నుంచి గ్రానైట్ రాయి వేసుకొచ్చిన లారీ ఒకటి వంతెన పక్కన ఆగుంది. డ్రైవరూ క్లీనరూ స్నానానికి దిగారు. అన్నయ్య ఎడ్లని విప్పి కడుగుతున్నాడు, నేను బండిలోనే గడ్డి మీద ఆనుకుని ఉన్నాను. ఆ డ్రైవరు నల్లగా, దిట్టంగా, అప్పటి నాలా ఉన్నాడు. ఏనుగుబండ ఎక్కాడు. "ఏయ్, లోతు లేదు, దూకొద్దు!" అని అరిచాను. నా గొంతు ఎంత, ఛాతీలో బలం లేని గొంతు! తలకిందులుగా దూకాడు. బోర్లా తేలాడు.

జనం పోగయ్యారు. ఒడ్డుకి లాగారు. అన్నయ్య అప్పటికే మా బండి దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "ఒరేయ్ కోటీ, కాసేపు నిన్ను కింద పడుకోబెడతాన్రా, చక్రం తీయాలి" అని నా చంకల కింద చేతులు పెట్టాడు. వెనక్కి తిరిగి క్లీనరుకి ధైర్యం చెప్పాడు: "బయపడమాక అబ్బాయ్, మా తమ్ముణ్ణి గూడా ఇట్టాగే బతికించుకున్నా."

నా ఒళ్ళు జలదరించింది. జలదరించడానికి మెడ పైన ఎంత ఒళ్ళుందో అంతా.

"నన్ను దించొద్దు" అన్నాను.

"టైము లేదురా!"

"దించొద్దంటున్నానా! అతను ఊపిరి తీస్తున్నాడు, చూడు. దగ్గుతున్నాడు. తిప్పొద్దు."

"నీళ్ళు కక్కించాలిరా. నీకేం తెలుసు?"

"నాకే తెలుసు! చక్రం ఎక్కించేదాకా నా కాళ్ళు బాగానే ఉన్నయ్యి. ముల్లు గుచ్చుకుంటే తెలిసింది నాకు. నా కాళ్ళు తీసింది రాళ్ళు కాదు, ఆ చక్రం!"

చెప్పేశాను. చెప్పాక గానీ ఏం చెప్పానో తెలియలేదు. అన్నయ్య చేతులు ఇంకా నా చంకల కిందే ఉన్నాయి. నాకు అక్కడ కొంచెం స్పర్శ ఉంది. ఆ చేతుల పట్టు సడలడం తెలిసింది. ఆయన మెల్లిగా వాటిని వెనక్కి తీసుకున్నాడు.

ఆయన వైపు చూసే తీరిక లేదు. "ఆ పక్క పొలంలో మోటారు కొట్టం తలుపు పీకి తీసుకురండి!" అని అరిచాను. "మెడ తిప్పకండి. తలా ఒళ్ళూ ఒక్కసారే, దుంగని దొర్లించినట్టు తలుపు మీదకి జరపండి. తువ్వాళ్ళు ఇసుకతో మూటకట్టి తలకి రెండు పక్కలా పెట్టండి." విన్నారు. ఎందుకు విన్నారంటే, నన్ను చూస్తూ ఎవరు వినరు చెప్పండి? లారీలో రాళ్ళ పక్కన ఆ తలుపు పెట్టి, క్లీనరే నడుపుకుంటూ గుంటూరు తీసుకెళ్ళాడు.

రెండు నెలలకి క్లీనరు వచ్చి చెప్పాడు. సర్వైకల్ ఫ్రాక్చరే, కార్డు బతికిందట. డ్రైవరు కాలర్ వేసుకుని కర్ర పట్టుకుని నడుస్తున్నాడట. "మీ దయండీ" అని నా కాళ్ళకి దణ్ణం పెట్టాడు. సంతోషించాననే అనుకుంటారు. ఆ పూట నేను అన్నం తినలేదు. గోడ వైపు తిప్పమని అనసూయని అడిగి, గోడకేసి చూస్తూ పడుకున్నాను. ఆ తలుపు నాకెందుకు దొరకలేదు? ఎంతసేపూ అదొక్కటే.

అన్నయ్య ఆ సాయంత్రం తర్వాత మారిపోయాడు. రావడం మానలేదు. పొద్దునా సాయంత్రం వస్తాడు, పక్కకి తిప్పుతాడు, పుండ్లు చూస్తాడు, వెళ్ళిపోతాడు. మాట్లాడడు. నన్ను ముట్టుకునే ముందు అరచేతులు పంచెకి తుడుచుకుంటాడు, మట్టి లేకపోయినా. చాలా రోజులకి ఒక్కసారి నోరు విప్పాడు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఆసుపత్రిలోనే."

"అప్పుడే ఎందుకు చెప్పలేదురా?"

"చెబితే ఏం చేసేవాడివి?"

"సచ్చేవాణ్ణి."

"అందుకే."

మంచం పట్టె మీద తల ఆనించి చాలాసేపు కూర్చున్నాడు. నా చెయ్యి ఆయన తల దాకా వెళ్ళదు. మోచెయ్యి వంచితే జుట్టు అంచు మాత్రం తగిలింది.

ఇది రాయనా అని ఆయన్ని అడిగాను. పెన్ను నా అరచేతికి రబ్బరు పట్టీతో కడుతుంది అనసూయ, రోజుకి కాసిని పంక్తులు వస్తాయి. "రాయి. నా పేరు గూడా రాయి, దాయొద్దు" అన్నాడు. అందుకే రాశాను.

అందరినీ ఈత మానమని నేను చెప్పను. పిల్లలకి నేర్పండి. నా మాట ఒక్కటే: నీళ్ళలోంచి తీసిన మనిషి తల పట్టుకుని ఎత్తకండి, మడవకండి, వేలాడదీయకండి, చక్రం మీద తిప్పకండి. ఊపిరి ఆడుతోందో లేదో చూడండి, ఆడకపోతే పడుకోబెట్టే నోట్లోకి ఊపిరి ఊదండి. తలా ఒళ్ళూ ఒక్క గీతలో ఉంచి, తలుపో బల్లో ఏది దొరికితే దాని మీద కట్టి ఆసుపత్రికి చేర్చండి. ప్రేమ కొద్దీ తొందరపడకండి.

ఏనుగుబండ పక్కన ఇప్పుడొక తలుపు రెక్క ఉంటుంది. అన్నయ్య తన పశువుల కొట్టానిది ఊడదీసి పెట్టాడు. ఎవరో పొయ్యిలోకి పట్టుకుపోయారు. ఆయన వంటింటి తలుపు ఊడదీసి పెట్టాడు. మా వదిన నెత్తీ నోరూ కొట్టుకుంది. బండి మాత్రం విప్పేశాడు. చక్రాలు రెండూ దొడ్డిగోడకి ఆనించి ఉన్నాయి, ఎవరికీ ఇవ్వడు, తగలబెట్టడు.

మళ్ళీ ఎండలు ముదిరాయి. మొన్న సాయంత్రం నన్ను పక్కకి తిప్పుతుంటే అడిగాను, "అన్నయ్యా, వాగుకి పోదామా? అద్దె బండి తెప్పిద్దాం" అని. ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు. పంచెకి తుడుచుకున్నాడు. "రేపు చూద్దాంలేరా" అన్నాడు.

రోజూ అడుగుతున్నాను. రోజూ రేపు చూద్దామంటున్నాడు.